కొలత దారం

హైదరాబాదు,
12 జూలై 1946

చిన్నాయినకు, అవ్వకు అండాలు దండం పెట్టి రాస్తున్నది.

క్షేమంగా చేరాను. భువనగిరి డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చూపించగానే లోపలికి రానిచ్చారు. నర్సు చదువుకు వచ్చినవాళ్లం ఇరవై ఇద్దరం. మిగతా అందరూ ఇంగ్లీషో ఉర్దూనో గలగల మాట్లాడతారు. నేను నోరు తెరిస్తే ఏ ఊరని అడిగి నవ్వుతారు. నవ్వనీ.

మొదటి రోజే మంచం మీద దుప్పటి పరచడం నేర్పారు. మూలలు మడిచి పరుపు కిందికి తోయాలి, ఒక్క ముడత కూడా కనబడకూడదు. నాకు ఒక్కసారికే వచ్చింది. ఇదివరకే నేర్చుకున్నావా అని సిస్టరు అడిగింది. మా చిన్నాయిన దర్జీ అని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఎంత గర్వమనిపించిందో నీకు ఎట్లా రాయాలో తెలియడం లేదు.

గాజులు తీసేయమన్నారు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలట. అవ్వ తొడిగిన పచ్చగాజులు నీ పాత రుమాలులో చుట్టి పెట్టెలో దాచాను. ఈ సంగతి అవ్వకు చెప్పకు.

అమ్మా నాయినా గత్తర రోగంలో పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. బడిలో ఉర్దూ తప్ప వేరేది లేకపోతే, నల్ల కోటుబట్ట మీద సుద్దముక్కతో నువ్వు నాకు తెలుగు అక్షరాలు దిద్దించావు. ఈ ఉత్తరం ఆ అక్షరాలతోనే రాస్తున్నాను.

ఇంకా రెండు తెల్ల రవికలు కావాలి. కొలత దారం ఇందులో పెట్టాను. మన ఊళ్ల ఆడవాళ్లు నీకు పంపే పద్ధతిలోనే వేశాను. కొస నుంచి మొదటి ముడి చేతికి, రెండోది భుజానికి, మూడోది నడుముకు, నాలుగోది రొమ్ముకు.

మీ చేతుల్లో పెరిగిన
అండాలు


ఆలేరు,
21 జూలై 1946

అండాలును దీవించి ఎల్లస్వామి రాసేది.

నీ ఉత్తరం అవ్వకు పెద్దగా చదివి వినిపించాను. గాజుల సంగతి చదివేశాక గానీ, కింద అవ్వకు చెప్పొద్దని రాసిన ముక్క కనబడలేదు. అది కూడా చదివేశాను. ఇకముందు చెప్పొద్దన్న మాట ముందు రాసి, సంగతి తర్వాత రాయి.

అవ్వ పొద్దంతా అలిగి కూర్చుంది. తర్వాత తనే అన్నది: "కాన్పు చేసేటప్పుడు నేను మాత్రం గాజులు పైకి ఎగదోసుకోనా? తీస్తె తియ్యనీ. చదువు అయినంక నేనే మల్ల తొడుగుత." నలభై ఏళ్లుగా మంత్రసానితనం చేసిన మనిషి, ఆ మాత్రం అర్థం చేసుకోదా. ఇంకో మాట రాయమంది: "గా దవాఖానల మాయను గుంజుతరా, తనంత తను పడేదాంక ఆగుతరా, అడుగు."

రవికలు రైల్వే గ్యాంగులో పనిచేసే బీరప్ప చేతికి ఇచ్చి పంపుతున్నాను. మూటలో సజ్జరొట్టెలు కూడా ఉన్నాయి. బీరప్ప దారిలో తినకుండా ఉంటే నీకు చేరతాయి. నీ దారం చూశాను. నడుము అర వేలు తగ్గింది. తిండి సరిగా తినడం లేదని నాకు ఉత్తరం చదవకుండానే తెలిసింది, దర్జీ దగ్గర దాచలేవు. ఎప్పటిలాగే కుట్టు లోపల రెండు వేళ్ల బట్ట వదిలాను. ఒళ్లు చేస్తే విప్పుకో.

ఇక్కడ మేం బాగున్నాం. మిషను మాత్రం నువ్వు లేక మూలుగుతున్నది, నూనె వేసేవాళ్లు లేరు.

నీ చిన్నాయిన
ఎల్లస్వామి


హైదరాబాదు,
2 జూన్ 1947

చిన్నాయినకు నమస్కారం. అవ్వ కాళ్లకు దండం.

మొదటి ఏడు పరీక్ష అయింది. ఇరవై ఇద్దరిలో ఐదోదాన్ని. ఇంగ్లీషులో గట్టెక్కడమే గట్టెక్కాను. శరీర శాస్త్రంలో మాత్రం నాకే ఎక్కువ వచ్చాయి.

అవ్వ నిరుడు అడిగినదానికి ఇప్పుడు జవాబు. మాయను గుంజరు. అది తనంత తాను వచ్చేదాకా పొట్ట మీద చెయ్యి వేసి ఆగుతారు. క్లాసులో ఈ ప్రశ్న వస్తే పుస్తకం తెరవకముందే నేను చెప్పాను. ఎక్కడ నేర్చుకున్నావని పాఠం చెప్పే డాక్టరమ్మ అడిగింది. మా అవ్వ దగ్గర అన్నాను. మీ అవ్వ చాలా ఓపిక గల మనిషి అయి ఉండాలి అన్నదామె. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ ఒక్క సంగతి అవ్వకు చెప్పాలి. బొడ్డు కోసే కత్తినీ, కట్టే దారాన్నీ మరిగే నీళ్లలో వేసి తియ్యాలి. అట్లా చెయ్యకపోతే ఎనిమిదో రోజుకు బిడ్డ ఒళ్లు బిగుసుకుపోతుంది. దిష్టి అనుకుంటాం గానీ, అది కత్తికి అంటిన మురికి వల్ల వచ్చేది.

అండాలు


ఆలేరు,
18 జూన్ 1947

అండాలుకు,

నువ్వు ఐదోదానివని విని బజారులో పది మందికి చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను.

కత్తి సంగతి మాత్రం నువ్వు రాయకుండా ఉండాల్సింది. అవ్వ ఏమన్నదో అట్లాగే రాస్తున్నాను: "నా చేతుల మీద ఊరికి ఊరు పుట్టింది. నా కత్తికి మురికంటదా? నాలుగు అక్షరాలు రాంగనే నన్ను కడిగేటందుకు వచ్చింది." రెండు రోజులు నీ పేరు ఎత్తనివ్వలేదు. నేను నడుమ నలిగిపోయాను.

ఊళ్లల్లో సంగతులు బాగాలేవు. దొరల మీద సంఘం వాళ్లు ఎదురు తిరుగుతున్నారని, రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారని వింటున్నాం. ఉత్తరాలు విప్పి చదువుతున్నారని బీరప్ప అన్నాడు. జాగ్రత్తగా రాయి. ఎవరి పేర్లూ రాయకు.

ఎల్లస్వామి


హైదరాబాదు,
6 ఏప్రిల్ 1948

చిన్నాయినకు అండాలు వ్రాసేది.

తొందరగా రెండు రవికలు కావాలి. తెల్లవి వద్దు. ముదురు రంగు బట్ట, మెత్తనిది. దారం ఇందులో పెట్టాను, ఆ కొలతకే కుట్టు, పాత కొలత చూడకు. ఎందుకు ఏమిటి అని ఇప్పుడు అడగకు. కలిసినప్పుడు అంతా చెబుతాను. నా మీద నమ్మకం ఉంచు.

మూడో ఏడు కాగితం కూడా పెట్టాను. ఏటేటా ఇంటి పెద్ద దస్తఖత్తు కావాలి, నీకు తెలుసు కదా. సెప్టెంబరు ఆఖరులోగా చేరకపోతే పేరు కొట్టేస్తారు.

అండాలు


ఆలేరు,
15 ఏప్రిల్ 1948

అండాలుకు,

రవికలు పంపాను. నాలుగు రోజుల్లో కుట్టాను.

నీ దారం బల్ల మీద పరిచి, పాత దారం పక్కన పెట్టి చూశాను. నడుము ముడి నాలుగు వేళ్లు జరిగింది. ఇరవై ఏళ్ల నుంచి ఈ పని చేస్తున్నాను. ఎప్పుడు ఎవరికి ఎందుకు నాలుగు వేళ్లు జరుగుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఉత్తరాలు విప్పే రోజులు, ఇంతకంటే తేటగా రాయను.

నేను అవ్వకు చెప్పదలచుకోలేదు. నా ముఖం చూసి తనే పట్టుకుంది. ఆ ఒక్క ముడి చూపించాను. దారాన్ని వేళ్లకు చుట్టుకుంది. తర్వాత ఒకటే మాట అన్నది: "పిల్లను ఏమనకు. ఇంటికి తోల్కరా."

ఈసారి కుట్టు లోపల బట్ట వదలలేదు. చెయ్యి రాలేదు.

కాగితం నా దగ్గరే ఉంది. నువ్వు ఇంటికి వచ్చాక మాట్లాడదాం. చదువు ఇక చాలు.

ఎల్లస్వామి


హైదరాబాదు,
4 మే 1948

చిన్నాయినకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వేం రాశావో నాకు సగమే అర్థమైంది. చదువు చాలు అన్నది మాత్రం అర్థమైంది.

నీకు ఎవరో చెప్పి ఉంటారు. ఆ కులం ఈ కులం లేకుండా అందరి ఒళ్లూ కడుగుతుందని, మగవాళ్ల పుండ్లకు కట్టు కడుతుందని, నర్సులంటే లోకం ఏమంటుందో నేనూ వింటూనే ఉన్నాను. నువ్వూ ఆ లోకంలో ఒకడివి అనుకోలేదు. నేను తప్పు పని ఏదీ చెయ్యలేదు. చేస్తున్నది మీరు నేర్పిన పనే.

రెండు నెలలు ఓపిక పట్టు. అప్పటికి అంతా ఒక ఒడ్డుకు చేరుతుంది, ఎవరికీ భయం ఉండదు. ఇప్పుడు నేను ఇక్కడి నుంచి కదలడానికి వీల్లేదు.

కాగితం పంపు చిన్నాయినా. నేను నిన్ను ఎప్పుడూ ఏదీ బతిమాలి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

అండాలు


ఆలేరు,
1 జూలై 1948

అండాలుకు,

రెండు నెలలు అని నువ్వే రాశావు. అవ్వ కూడా వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి అదే చెప్పింది.

రైలెక్కి నీ దగ్గరికి బయలుదేరాను. భువనగిరిలో రజాకార్లు పెట్టెలోకి ఎక్కి గుర్తు పత్రం అడిగారు, నా దగ్గర కత్తెర చూసి దింపేశారు. దర్జీ దగ్గర కత్తెర ఉండదా అన్నాను. అన్నందుకు నాలుగు తగిలాయి. నడిచి ఇంటికి చేరాను. నువ్వేం దిగులు పడకు, ఎముకలు విరగలేదు.

అవ్వ మెత్తని పాత చీరలు ఉతికి, చింపి, మడతలు పెట్టి ఉంచింది. ఇంకో సంగతి, కోపంలో రాయొద్దనుకున్నాను గానీ రాస్తున్నాను. పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి అందులో కత్తి వేసి తీస్తున్నది. ఎందుకని అడిగితే, "గా పిల్ల చెప్పింది కద. దాని కాన్పు దాని తీరుగనే చేస్త. నా చేతుల మీదనే కానీ" అన్నది. నాకంటే అవ్వే నయం. నాకు కోపం తగ్గడం లేదు, నిన్ను చూడకుండా ఉండడం కూడా చేతకావడం లేదు.

ఎట్లాగైనా రా.

ఎల్లస్వామి


ఆలేరు,
9 అక్టోబరు 1948

నా తల్లి అండాలుకు, చిన్నాయిన తల వంచి రాస్తున్నాడు.

నీ జవాబు రాలేదు. నా ఉత్తరం నీకు చేరలేదో, నీది నాకు చేరలేదో తెలియదు. పోయిన నెల యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు, పది రోజులు బండ్లు లేవు. నువ్వు ఉన్నావో లేవో తెలియక అవ్వా నేనూ అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాళ్లం.

నాలుగు రోజుల కింద దుకాణానికి ఒక ఆడమనిషి వచ్చింది. ఇరవై ఐదేళ్లుంటాయి. చంకన రెండున్నర నెలల ఆడపిల్ల. నేను తల ఎత్తి ముందు ఆమె ముఖం చూడలేదు, రవిక చూశాను. ముదురు నీలం. చేతి అంచు మీద రెండు వరసల కుట్టు. నా కుట్టు నేను గుర్తుపట్టనా?

ఆమె పేరు కృష్ణమ్మ. "అండాలు మా చెల్లెలే అన్నా, సొంత చెల్లెలి కన్న ఎక్కువ" అని మొదలుపెట్టింది. ఆమె మొగుడు సంఘంలో తిరిగేవాడట. అతన్ని పట్టుకుందామని రజాకార్లు వచ్చి, అతను దొరకక ఇంటికి నిప్పు పెట్టారట. ఆరో నెల కడుపుతో, కాలిన వీపుతో ఆమె నీ వార్డుకు చేరిందట. పేరు అడిగితే, ఆమెను మా అక్క అని నువ్వు రాయించావట. ఒంటి మీది రవిక కాలి చర్మానికి అంటుకుంటే నువ్వే తడిపి తడిపి తీశావట. తొడగడానికి ఇంకో బట్ట లేదట. తర్వాత దవాఖాన వెనుక ఆయమ్మ గదిలో దాచి, కాన్పయ్యేదాకా, ఒళ్లు మానేదాకా నీ అన్నంలో సగం పెట్టావట.

అన్నీ చెప్పి, చివరికి సిగ్గుపడుతూ అన్నది: "రవికలు మంచిగున్నయి అన్నా. జర బిగుతైనయి గంతే. బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఊపిరాడుతలేదు. ఏమన్న వదులు చేస్తవా?"

వదులు చెయ్యడానికి లోపల బట్ట లేదు. వదలలేదు కదా నేను. నా దుకాణంలో, నా బల్ల ముందు, నేను ఏడ్చాను.

రెండు దారాలూ మళ్లీ తీసి చూశాను. నడుము ముడి ఒక్కటే కాదు, భుజం ముడి కూడా వేలెడు జరిగింది. చేతి ముడి కూడా జరిగింది. కడుపుతో ఉన్న ఏ ఆడమనిషికీ భుజం పెరగదు, చెయ్యి పొడుగవదు. పని నేర్చుకునే పిల్లవాడైనా చెప్పగలడు, ఈ దారం వేరే మనిషిదని. కుట్టేటప్పుడు ఆ కొలతలన్నీ నా చేతులు చూశాయి. నా కళ్లు మాత్రం ఒక్క ముడి దగ్గరే ఆగిపోయాయి. నీ గురించి తప్పుగా అనుకున్నాను. నిన్ను పెంచిన చేతులతోనే.

కృష్ణమ్మకు కొత్తవి రెండు కుట్టి ఇచ్చాను, లోపల మూడు వేళ్లు వదిలాను. అవ్వ బిడ్డ బొడ్డు చూసి, "ఎవలు కట్టిన్రు బిడ్డా" అని అడిగింది. అండాలే అని కృష్ణమ్మ అన్నది. అవ్వ ఆ బిడ్డను సాయంత్రం దాకా దించలేదు.

కాగితం మీద దస్తఖత్తు చేశాను. గడువు దాటిందని తెలుసు. అయినా బీరప్ప మొదటి బండికే తెస్తున్నాడు. వాళ్లు ఒప్పుకోకపోతే నేనొచ్చి వాళ్ల కాళ్లు పట్టుకుంటాను. నీ చదువు నా వల్ల ఆగితే నేనిక మిషను ముందు కూర్చోలేను.

ఎల్లస్వామి


హైదరాబాదు,
20 అక్టోబరు 1948

చిన్నాయినా,

ముందు మంచి మాట. కాగితం తీసుకున్నారు. ఆ గొడవల్లో ఊళ్ల నుంచి ఎవరి కాగితాలూ వేళకు రాలేదు, నెలాఖరు దాకా గడువు పెంచారట. నాతో పాటు ఇంకో ఏడుగురివి నిన్ననే చేరాయి. నువ్వు ఎవరి కాళ్లూ పట్టుకోనక్కరలేదు. నీ జూలై ఉత్తరం నాకు అందలేదు. నీ దెబ్బల సంగతీ, అవ్వ కత్తి మరగబెట్టిన సంగతీ బీరప్ప చెబితే తెలిసింది.

నువ్వేం అనుకున్నావో నీ ఈ ఉత్తరం చదివాక గానీ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదట కోపం వచ్చింది. చాలా వచ్చింది. నర్సు పని నీచమని నువ్వు అనుకుంటున్నావని నేను ఆరు నెలలు కుమిలిపోతే, నువ్వు అక్కడ ఇంకో సంగతికి కుమిలిపోయావు. ఆ కోపంతోనే డ్యూటీకి పోయాను.

మంచాలు సర్దుతుంటే ఒక మాట తట్టింది. నేను తప్పు చేశానని నువ్వు నమ్మావు. నమ్మి కూడా నాలుగు రోజుల్లో రెండు రవికలు కుట్టి పంపావు. నా కోసం బయలుదేరి దెబ్బలు తిన్నావు. అవ్వ నలభై ఏళ్ల అలవాటు మార్చుకుని నా కోసం కత్తి మరగబెట్టింది. తప్పు చేసిన పిల్లకే ఇంత చేసేవాళ్లు నాకు ఉన్నారని, ఏ తప్పూ చెయ్యకుండానే తెలుసుకున్నాను. ఇక్కడ తప్పు చేసినా, చెయ్యకపోయినా, అడిగే దిక్కు లేని ఆడవాళ్లను రోజూ చూస్తున్నాను చిన్నాయినా. నాకు కోపం ఎట్లా నిలుస్తుంది?

అయినా ఒక శిక్ష వేస్తున్నాను. ఇకముందు నాకు మూడు వేళ్లు వదలాలి.

అండాలు


హైదరాబాదు,
3 జూన్ 1950

చిన్నాయినకు, అవ్వకు అండాలు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

కాన్పుల పరీక్ష ఫలితాలు వచ్చాయి. మొదటిదాన్ని నేనే. ఐదోసారి చదివితే గానీ నా పేరేనని నమ్మలేదు. ఇంగ్లీషులో కూడా మంచి మార్కులే, ఇక బీరప్పను ఇంగ్లీషులోనే తిడతాను. వెండి పతకం ఇస్తారట. భువనగిరి దవాఖానలో ఉద్యోగం. నన్ను పంపిన డాక్టరమ్మ దగ్గరే పనిచేస్తాను. ఆలేరు అక్కడికి ఎంత దూరం?

చేతి పరీక్ష పెట్టిన తెల్ల దొరసాని అడిగింది, ఇంత నిదానం ఎవరు నేర్పారని. ఆలేరులో మా అవ్వ నర్సింగమ్మ అని చెప్పాను. ఆమె ఆ పేరు కాగితం మీద రాసుకుంది.

ఈ నెల పద్దెనిమిదిన పతకం ఇచ్చే సభ. మీరిద్దరూ రావాలి. అవ్వకు కొత్త రవిక కుట్టు. కొలత తీస్తానంటే అవ్వ ఒప్పుకోదు, ఈ వయసులో నాకెందుకంటుంది. అందుకే నేనే దారం ముడులు వేసి పంపుతున్నాను. అవ్వ చెయ్యి పట్టుకుని ఊరూరూ తిరిగినదాన్ని, నాకు తెలియని కొలతా?

అండాలు


ఆలేరు,
11 జూన్ 1950

అండాలుకు చిన్నాయిన దీవెనలు.

నీ ఉత్తరం అవ్వకు చదివాను. తన పేరు కాగితం మీద రాసుకున్నారన్న చోట రెండోసారి చదవమంది. తర్వాత మూడోసారి. ఇప్పుడు ఇంటికి వచ్చినవాళ్లందరికీ చదవమంటున్నది, నాకు కంఠతా వచ్చేసింది.

రవిక కుట్టడం అయింది. ఒక సంగతి రాయాలి. నీ దారం పెట్టి కత్తిరించబోయేముందు, ఎందుకో అనుమానం వచ్చి అవ్వ నిద్రలో ఉండగా ఒంటికి ఆనించి చూశాను. మూడున్నర వేళ్లు తేడా. నడుముకూ, రొమ్ముకూ. చేతికి, భుజానికి తేడా లేదు. ఈసారి అన్ని ముడులూ చూశాను, భయపడకు. నువ్వు తప్పు వెయ్యలేదు. నువ్వు వేసింది నాలుగేళ్ల కిందటి అవ్వ కొలత. నువ్వు పోయిన తర్వాత అవ్వ చిక్కిపోయింది. రోజూ పక్కన ఉన్నాను కాబట్టి నాకు కనబడలేదు.

చిన్నగా కత్తిరిస్తానంటే అవ్వ కత్తెర మీద చెయ్యి పెట్టింది. "వద్దు. నా పిల్ల కండ్లల్ల నేను గంత ఉన్న. గట్లనే కుట్టు" అన్నది.

నీ దారం ప్రకారమే కుట్టాను. మిగిలినదంతా కుట్టు లోపలికి మడిచాను. నువ్వు భువనగిరికి వచ్చి, దగ్గరుండి అన్నం పెడితే, ఒక్కొక్క వేలే విప్పుకుంటూ పోదాం.

పదిహేడున పొద్దుటి బండికి వస్తున్నాం. అవ్వ కొంగులో కొత్త పచ్చగాజులు మూట కట్టుకుంది. సభ అయ్యేదాకా ఆగమని చెప్పాను, వినేటట్టు లేదు. స్టేషనుకు చేతులు కడుక్కుని రా.

నీ చిన్నాయిన
ఎల్లస్వామి